విశాఖ ఎంత దూరం?

"విశాఖపట్నం ఎంత దూరమండీ?" అని హైదరాబాదులో ఎవరినైనా అడిగి చూడండి. ఒకరు "గంటంబావు" అంటారు. ఇంకొకరు "ఒక రాత్రి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు సుమా!

పటం ముందు వేసుకొని చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. హైదరాబాదు నుంచి ముక్కుకు సూటిగా తూర్పుకు పోతే విశాఖే. ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. అంత తూర్పున ఉండటం చేత అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 19 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. "మీరు పళ్ళు తోముకొనేసరికి మా కాఫీలు అయిపోతాయిరా" అని మా నాన్నగారు వేళాకోళం చేస్తూ ఉండేవారు.

నేలమీద పోయేవాడికి ఆ సూటిదారి లేదు. నడుమ తూర్పు కనుమలు, వాటిని చీల్చుకొని పాపికొండల మధ్య పారే గోదావరి అడ్డం. అందుచేత అలవాటైన రోడ్డు సూర్యాపేట మీదుగా విజయవాడకు దిగుతుంది. అది 275 కిలోమీటర్లు. అక్కడినుంచి ఏలూరు, రాజమహేంద్రవరం, తుని మీదుగా మళ్ళీ పైకి ఎక్కుతుంది; అది మరో 350. వెరసి 620 పైచిలుకు. బస్సుకు పన్నెండు గంటలు. వరంగల్లు మీదుగా పోయే రైలు దారి ఇంకా పొడుగు, దాదాపు 700. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ రైలును ఆ దూరం ఎనిమిదిన్నర గంటల్లో పోయేట్లు ఏర్పాటు చేశారు.

మరి విమానమో? గాలిలో ఉండేది గంటంబావే. కాని ఇంటినుంచి శంషాబాదుకు గంటన్నర, అక్కడ తనిఖీలకూ నిరీక్షణకూ రెండు గంటలు, దిగాక సామానుకు అరగంట, అక్కడినుంచి ఇల్లు చేరడానికి ముప్పావుగంట. కూడి చూడండి, ఆరు గంటలు!

ఈ లెక్క నాకు 2018 శీతకాలంలో ఒక రాత్రి అవసరపడింది. ఎనిమిది గంటలకు చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నాన్నగారికి ఏమీ బాగాలేదు. నిన్ను అడుగుతున్నారు."

రైళ్ళలో చోటు లేదు. మర్నాడు ఒంటిగంట విమానానికిగాని టిక్కెట్టు దొరకలేదు. హాయిగా అది కొనబోతూంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకొంది. "విమానం ఎక్కితే మూడున్నరకుగాని ఇల్లు చేరరు. ఇప్పుడే బస్సెక్కితే పొద్దున్న పదిగంటలకు మామయ్యగారి దగ్గర ఉంటారు. ఆలోచించండి."

తొమ్మిదిన్నర బస్సెక్కాను. పది దాటి అయిదు నిమిషాలకు గుమ్మంలో అడుగుపెట్టాను. నాన్నగారు కళ్ళు తెరిచారు.

"విమానంలో వచ్చావురా?"

"లేదు నాన్నగారూ, బస్సులో."

"అందుకే త్వరగా వచ్చావు" అని నవ్వారు.

నాలుగు గంటలసేపు నా చెయ్యి వదలలేదు. రెండుగంటలు దాటాక వారి చెయ్యే సడలింది. నేను ఎక్కవలసిన విమానం అప్పటికింకా ఆకాశంలోనే ఉండి ఉంటుంది.

ఇప్పుడెవరైనా విశాఖ ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పను. "ఎప్పుడు బయలుదేరుతున్నారు?" అని ఎదురు అడుగుతాను.