కాండీ ఫిరంగి ఇల్లు చేరిన వైనం

ఫిరంగిని ఎవరైనా దొంగిలిస్తారా అని అడిగితే చాలామంది నవ్వేస్తారు. జేబులో వేసుకుపోయే వస్తువు కాదు, రాత్రికి రాత్రి అమ్ముకునేదీ కాదు. అయినా చరిత్రలో ఫిరంగులంత తరచుగా చేతులు మారిన వస్తువులు తక్కువ. దానికి మొదటి కారణం లోహం. పాతకాలపు మేలురకం ఫిరంగి కంచుతో పోసేవారు. సుమారు తొమ్మిది పాళ్ళు రాగి, ఒక పాలు తగరం. ఇనుప ఫిరంగికన్నా ఎన్నో రెట్లు ఖరీదు. తుప్పు పట్టదు, పగిలినా కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు. అందుకే గెలిచిన సైన్యం ఓడినవాళ్ళ కంచు ఫిరంగుల్ని వదిలిపెట్టేది కాదు. పనికొస్తే వాడుకునేది, లేదంటే కొలిమిలో పడేసేది. పారిస్‌లో నెపోలియన్ నిలబెట్టిన వాందోమ్ స్తంభానికి తొడిగిన కంచు శత్రువుల ఫిరంగులదే. లండన్‌లో నెల్సన్ స్తంభం అడుగున ఉన్న కంచు పలకలేమో ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల్ని కరిగించి పోసినవి. వీటిని తిరిగివ్వమని ఇప్పుడు ఎవరైనా అడిగినా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

రెండో కారణం గొప్ప చెప్పుకోవడం. బీజాపూర్ కోట బురుజు మీదున్న మాలిక్-ఎ-మైదాన్ సంగతే చూడండి. 1549లో అహ్మద్‌నగర్ సుల్తాను కోసం పోసిన ఫిరంగి అది. బరువు దాదాపు 55 టన్నులు. మూతి దగ్గర ఏనుగును నమిలేస్తున్న సింహం తల. విజయనగరాన్ని కూల్చిన 1565 నాటి రక్కసి తంగడి యుద్ధంలో దీన్ని పేల్చారని చెబుతారు. తర్వాత బీజాపూర్ సుల్తానులు దాన్ని దక్కించుకున్నారు. 1686లో బీజాపూర్‌ను పట్టుకున్న ఔరంగజేబు దాన్ని కదిలించే ప్రయత్నం చేయకుండా, తన విజయాన్ని చెప్పే శాసనం దాని మీదే చెక్కించాడు. ఇంత ఘనమైన ఫిరంగిని 1854లో ఇంగ్లీషువాళ్ళు పాత సామాను కింద వేలం వేస్తే వచ్చిన పాట 150 రూపాయలు! ఆ ధర మరీ తక్కువని ఒక అధికారికి అనిపించి వేలం ఆపేశాడు కాబట్టి ఇవాళ మనం వెళ్ళి చూడగలుగుతున్నాం. లోహం ధర కట్టేవాళ్ళ చేతిలో పడ్డ ఫిరంగి బతకదు. గొప్పలకు పోయే దొంగ చేతిలో పడ్డది బతికిపోతుంది.

అలా బతికి, చివరికి ఇల్లు చేరిన ఫిరంగి శ్రీలంకలో ఉంది.

చూడ్డానికి అది చిన్నది. కోట గోడలు కూల్చడానికి చేసింది కాదు, దర్బారులో ఠీవి కోసం చేసింది. కంచు గొట్టం మీద వెండి, బంగారు తాపడం, మధ్య మధ్య కెంపులు. సూర్యుడు, చంద్రుడు, సింహళ సింహం. వాటితోపాటు సింహళ లిపిలో చెక్కిన రాతలో ఒక పేరు, ఒక సంవత్సరం ఉన్నాయి. పేరు లెవుకె దిసావ. దిసావ అంటే కాండీ రాజ్యంలో ఒక మండలాన్ని ఏలే అధికారి. సంవత్సరం శకం 1667, అంటే మన పంచాంగాల్లో కనిపించే శాలివాహన శకమే. క్రీస్తుశకంలో చెప్పాలంటే 1745-46. లెవుకె దీన్ని తన రాజుకు కానుకగా ఇచ్చాడు.

ఆ రాజు శ్రీ విజయ రాజసింహ. ఇక్కడ తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. కాండీ రాజులు పట్టపురాణులను మదురై వైపు నుంచి తెచ్చుకునే ఆచారం ఉండేది. 1739లో వీర నరేంద్ర సింహ పట్టపురాణి వల్ల వారసుడు లేకుండా చనిపోతే, ఆమె తమ్ముడు గద్దె ఎక్కాడు. అతడే ఈ విజయ రాజసింహ. మదురైని ఏలిన నాయకరాజులతో బంధుత్వం ఉన్న, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం కాండీ సింహాసనం ఎక్కింది అతనితోనే. 1747లో అతని బావమరిది కీర్తి శ్రీ రాజసింహ రాజయ్యాడు. ఫిరంగి పోయింది ఈయన హయాంలో.

అప్పటికి లంక తీరంలో చాలా భాగం డచ్ ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉంది. మన మచిలీపట్నంలో, భీమునిపట్నంలో బట్టల వ్యాపారం చేసిన కంపెనీయే. లంకలో దానికి కావలసింది దాల్చినచెక్క. అది దొరికే అడవుల్లో చాలావరకు కాండీ రాజు కిందివి. కొండల్లో ఉన్న రాజు, తీరంలో ఉన్న కంపెనీ దశాబ్దాల తరబడి కానుకలిచ్చుకుంటూనే కయ్యాలు పెట్టుకున్నారు. చివరికి గవర్నర్ లూబర్ట్ యాన్ వాన్ ఎక్ సైన్యంతో కొండలెక్కాడు. 1764లో చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. 1765 ఫిబ్రవరిలో మాత్రం కాండీ నగరంలో అడుగు పెట్టగలిగాడు. రాజు బుద్ధుడి దంత ధాతువును భద్రంగా తరలించి, తానూ తప్పుకున్నాడు. ఖాళీ అయిన రాజభవనాన్ని సైనికులు దోచుకున్నారు. ఫిరంగి అక్కడ దొరికింది, యుద్ధభూమిలో కాదు.

గెలుపు నిలవలేదు. వాన్ ఎక్ కొలంబోకు తిరిగొచ్చి ఏప్రిల్‌లోనే చనిపోయాడు. కాండీలో దిగబడ్డ దండుకు తిండి అందలేదు, రోగాలు ముసిరాయి. కొన్ని నెలలకే నగరం ఖాళీ చేసి దిగిపోయారు. దోచిన సొమ్ము మాత్రం దిగిపోలేదు, ఓడెక్కింది. ఫిరంగి నెదర్లాండ్స్ పాలకుడు ఐదో విలియం దగ్గరికి, అతని వింత వస్తువుల సేకరణకు చేరింది. 1800లో ఆ దేశం తన మొదటి జాతీయ సంగ్రహాలయం తెరిచినప్పుడు అందులోకి మారింది. ఆ సంగ్రహాలయమే తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంగా పేరు మోసింది.

ఇక్కడ నాకు ఆసక్తిగా తోచేది దొంగతనం కన్నా దాన్ని రుజువు చేసిన తీరు. రెండువందల ఏళ్ళకు పైగా ఒక వస్తువు అద్దాల పెట్టెలో ఉంటే, అది అక్కడిదే అన్న భావన చూసేవాళ్ళకే కాదు, కాపలా కాసేవాళ్ళకూ పట్టుకుంటుంది. ‘మాది’ అంటే చాలదు, ‘దోపిడీ’ అంటే చాలదు. ఏ చేతి నుంచి ఏ చేతికి, ఎప్పుడు, ఇష్టంతోనా, బలవంతంగానా అన్నది కాగితాల్లో చూపాలి. పైగా డచ్చివాళ్ళూ కాండీ రాజులూ కానుకలు ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళే కాబట్టి, ఇదీ ఒక కానుకేనేమో అనడానికి ఎప్పుడూ సందు ఉండేది. 2019లో డచ్ మ్యూజియాలు వలస కాలపు వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు వెతికే పరిశోధన చేపట్టాయి. ఈ ఫిరంగి కూడా అందులో ఉంది, శ్రీలంక పరిశోధకులకూ పాలు ఉంది. కంపెనీ వాళ్ళు అన్నిటికీ లెక్కలు రాసుకునే మనుషులు. వాళ్ళ రాతలు వాళ్ళ మీదే సాక్ష్యం చెప్పాయి. 1765లో కాండీలో దోచినదే ఇదని తేలింది.

ఇంకోవైపు చట్టం దారి తెరుచుకుంది. ఒకప్పుడు డచ్ వలసగా ఉన్న దేశం నుంచి అసలు యజమాని ఇష్టం లేకుండా పోయిన వస్తువును, ఆ దేశం అడిగితే షరతులు పెట్టకుండా తిరిగివ్వాలని 2020లో ఒక సలహా సంఘం డచ్ ప్రభుత్వానికి చెప్పింది. మరుసటి ఏడు అదే విధానమైంది. 2023 జూలైలో ఆ ప్రభుత్వం 478 వస్తువులు తిరిగిస్తున్నట్టు ప్రకటించింది. అందులో 472 ఇండోనేషియావి, ఆరు శ్రీలంకవి: ఫిరంగి, బంగారు కత్తి, వెండి కత్తి, ఒక సింహళ బాకు, గోడ మీద ఆనించి పేల్చే రెండు పొడవాటి తుపాకులు. అదే ఏడాది డిసెంబరులో అవి కొలంబో జాతీయ మ్యూజియానికి చేరాయి. దోచిన 258 ఏళ్ళకు.

కాండీ సొత్తు ఇలా తిరిగి రావడం ఇదే మొదటిసారి కాదు. 1815లో ఇంగ్లీషువాళ్ళు చివరి నాయక్కర్ రాజు శ్రీ విక్రమ రాజసింహను దించి వేలూరుకు పంపేసి, సింహాసనాన్ని ఇంగ్లండుకు పట్టుకుపోయారు. అది 1934లో వెనక్కి వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ సింహాసనం 1693లో డచ్చివాళ్ళు ఇచ్చిన కానుక!

కానుకకూ కొల్లకూ మధ్య ఈ తేడా లేకపోతే ఫిరంగుల కథ ఎక్కడా తెగదు. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో ఒక ఫిరంగి మూతి పైకి పెట్టి స్తంభంలా నిలబడి ఉంది. 1542లో అల్జీర్స్‌లో పోసింది, దాదాపు ఏడు మీటర్ల పొడవు. అల్జీరియన్లకు అది బాబా మెర్జూగ్. 1683లో ఫ్రెంచి నౌకాదళం అల్జీర్స్ మీద గుళ్ళు కురిపిస్తుంటే, అక్కడి ఫ్రెంచి కాన్సల్ లె వాషేను ఈ ఫిరంగి మూతికి కట్టి పేల్చేశారు. అందుకే ఫ్రెంచివాళ్ళు దాన్ని లా కాన్సులేర్ అంటారు. 1830లో అల్జీర్స్ పట్టుకోగానే వాళ్ళు చేసిన పనుల్లో ఒకటి దాన్ని ఓడెక్కించడం. అల్జీరియా అడుగుతూనే ఉంది. చరిత్రకారుడు బెంజమిన్ స్తోరా 2021లో తమ అధ్యక్షుడికిచ్చిన నివేదికలో, రెండు దేశాల చరిత్రకారులు కూర్చుని దీని చరిత్ర, భవిష్యత్తు తేల్చాలని సూచించాడు. ఒకరికి అది నగరాన్ని కాపాడిన పెద్దాయన, ఇంకొకరికి కాన్సల్‌ను చంపిన ఆయుధం. కాండీ ఫిరంగికి ఈ చిక్కు లేదు. దాని వల్ల చచ్చిన డచ్చివాడంటూ ఎవరి పేరూ వినబడదు.

థాయిలాండ్‌లో ఫిరంగిని తిరిగివ్వడం ఇంకా వేడి విషయం. పట్టాని రాజ్యం నుంచి 18వ శతాబ్దం చివర్లో తెచ్చిన ఫయా తాని ఫిరంగి బ్యాంకాక్‌లో రక్షణ శాఖ భవనం ముందుంది. 2013లో అసలుది ఇవ్వకుండా నకలు చేయించి పట్టాని మసీదు దగ్గర పెడితే, కొన్నాళ్ళకే ఎవరో దాన్ని బాంబుతో పేల్చారు.

ఇవన్నీ రాజ్యాల దోపిడీలు. ఒక్క మనిషి చేసే దొంగతనం ఎలా ఉంటుందో చూడాలంటే సముద్రం అడుక్కి వెళ్ళాలి. లండన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక 1665 మార్చిలో థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట మందుగుండు పేలి మునిగిపోయింది. సుమారు 300 మంది పోయారు. అంతకు ముందటి యుద్ధంలో డచ్చివాళ్ళ దగ్గర పట్టుకున్న కంచు ఫిరంగులూ ఆ నౌక మీద ఉండేవి. 2005లో శిథిలం దొరికింది, 2008లో రక్షిత శిథిలంగా ప్రకటించారు. ఈలోగా ఒక డైవర్ దాని నుంచి ఫిరంగులు పైకి తెచ్చాడు.

బ్రిటన్‌లో సముద్రంలో దొరికిన ఓడ సామాను ఏదైనా సంబంధిత అధికారికి చెప్పి తీరాలి. ఏడాదిలోగా యజమాని రాకపోతే, దేశ జలాల లోపల దొరికినది ప్రభుత్వానిది, బయట దొరికినది తెచ్చినవాడిది. అంటే ఫిరంగి ఎవరిదో తేల్చేది అది దొరికిన చోటు. మూడు ఫిరంగుల మీద ఆమ్‌స్టర్‌డామ్ నగర చిహ్నం ఉంది. వాటిని దేశ జలాల బయట తీశానని ఆ డైవర్ రాసిచ్చాడు. ఆ చిహ్నం చూస్తే డచ్ ఓడవి అనే ఎవరైనా అనుకుంటారు. హక్కు కాగితాలు వచ్చాయి, అమెరికాలోని ఒక సేకర్తకు 50 వేల పౌండ్లకు పైగా ధరకు అమ్మేశాడు. తర్వాత పోలీసు దర్యాప్తులో అవి లండన్ నౌకవేనని తేలింది. 2015లో కోర్టు అతనికి రెండేళ్ళ జైలు వేసింది. నేరం పేరు దొంగతనం కాదు, మోసం. దొరికిన చోటు గురించి చెప్పిన ఒక్క అబద్ధానికి.