పరీక్షలకు పోవు బిడ్డలు - ఇంటివారి ధర్మము



ఈ పత్రికయందు నేను సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసమున మాత్రము వేఱొక విషయమును మీ ముందుంచుచున్నాను. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచు, కళాశాలలకును విశ్వవిద్యాలయములకును దరఖాస్తులు పెట్టుకొనుచున్న పిల్లలు లేని వీధి మన గ్రామములలో నేడు లేదు. ఆ పదునేడేండ్ల పిల్లలు మోయుచున్న బరువెంతటిదో, అందులో మన చేతులతో మనము పెట్టినది యెంతయో ఆలోచింపవలసియున్నది.

2021వ సంవత్సరపు పంటకాలమున గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల మిరపతోటలకు నల్ల తామరపురుగు పట్టి, పూత నంతయు రాల్చిన సంగతి మీరు మఱచియుండరు. ఆ యేట నేనొక రైతు చేను చూడబోతిని. చూచుటకు మిగిలినది లేదు. మేము గట్టుపై నిలిచియుండగా ఆయన, పట్టణమున వసతి కళాశాలలో వైద్యవిద్య పరీక్షకు చదువుచున్న కూతురితో ఫోనులో మాటాడెను. "మిరప పోయినది తల్లీ. ఇక మన ఇంటికి నీవే దిక్కు. నీ ర్యాంకు మీదనే ఆశ పెట్టుకొని యున్నాము" అనెను. బిడ్డకు ఉత్సాహము కలిగించితినని ఆయన తలంపు. నాకును అట్లే తోచి ఊరకుంటిని. అది నా తప్పు.

సంక్రాంతి వెళ్లిన పిమ్మట మరల ఆ యింటికి పోయినపుడు, ఆయన తల్లి నాకు మజ్జిగ యిచ్చుచు మెల్లగా ఇట్లు చెప్పినది: "అయ్యా, మీరు చదువుకొన్నవారు. మా పిల్ల పండుగకు వచ్చి మూడు దినములు మెతుకు ముట్టలేదు. రాత్రులు కూర్చుండియే యున్నది. ర్యాంకు రాకున్న ఏ మొగముతో ఇంటికి రావలెను నాయనమ్మా అని అడిగినది. వాడితో చెప్పిన కోపపడునని చెప్పలేదు."

ఆ సాయంకాలము మే మిద్దఱమును ఆయనతో చెప్పితిమి. ఆయన కోపపడలేదు. చాలసేపు పలుకక, "నేను ధైర్యము చెప్పితి ననుకొంటిని గదండీ" అని మాత్రమనెను. మఱునాడే పట్టణమునకు పోయి, రెండు దినములు సెలవడిగి బిడ్డను తీసికొనివచ్చెను. ఇంట కూర్చుండబెట్టి తన లెక్కల పుస్తకము ఆమె చేతికిచ్చెను. సంఘపు బాకీ యెంత, కొట్టువాని బాకీ యెంత, సంఘ కార్యదర్శితో కుదుర్చుకొన్న వాయిదాలేవి, అన్నియు అందులో వ్రాసియున్నవి. "ఇది నా లెక్క. దీనిలో నీ పేరెక్కడనైన నున్నదేమో చూడుము" అనెను. ఆ పిల్ల పుటలన్నియు త్రిప్పి చూచి, ఏడ్చి, ఆ రాత్రి అన్నము తిన్నది.

ఆమెకు వైద్యవిద్యలో చోటు దొరకలేదు. ఒక ప్రభుత్వ కళాశాలలో బి.యస్సి. తరగతిలో చేరి, దానిని ముగించి, ఇప్పుడు పై చదువు చదువుచున్నది. కూతురు డాక్టరు కాలేదను కొఱత తండ్రికి కొంత యున్నది. దానిని ఆయన నాతో చెప్పుకొనును గాని బిడ్డతో చెప్పడు. నేను ఆయన వద్ద నేర్చుకొన్నది ఇదియే.

పోటీ యెంతటిది

మన తెలుగునాట వృత్తివిద్యలకు ఉమ్మడి ప్రవేశపరీక్ష 1986వ సంవత్సరమున మొదలైనది. ఎంసెట్ అని మనమందఱము పిలుచుకొన్న ఆ పరీక్ష ఆంధ్రప్రదేశమున 2021 నుండియు, తెలంగాణమున 2024 నుండియు ఈఏపీసెట్ అను పేర జరుగుచున్నది. ఇంజనీరింగు, వ్యవసాయము, ఫార్మసీ చదువులకు ఇది త్రోవ. మూడు గంటలలో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. వైద్యవిద్యకు దేశమంతటికిని నీట్ అను పరీక్ష వేఱుగా గలదు. 2024లో దానిని వ్రాసినవారు 23 లక్షలకు పైబడిరి. దేశమందలి ఎం.బి.బి.యస్. సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. అనగా ఇరువదిమంది వ్రాసిన సుమారు ఒక్కరికి చోటు.

మిగిలిన పందొమ్మిదిమందిని సోమరులని గాని తెలివిలేనివారని గాని అనగలమా? కాలువలో నీరు చాలనపుడు చివరి భూములు ఎండును. ఎండినది ఆ భూమి దోషమని ఏ రైతును అనడు. నీరెంత, ఆయకట్టెంత అని లెక్క చూచును. మన బిడ్డల విషయమునను ఆ లెక్కయే చూడవలెను.

ఇంటివారు చేయదగిన పనులు

మొదటిది: అప్పును బిడ్డ తలపై పెట్టకుడు. ఇంటి పరిస్థితిని దాచుమని నేను చెప్పుట లేదు. దాచినను పిల్లలు కనిపెట్టుదురు. నిజము చెప్పుడు. కాని తీర్చు భారము పెద్దలదని కూడ ఆ నోటనే చెప్పుడు. "నీ కొఱకు ఎకరము అమ్మితిని" అను మాట ప్రేమతో పుట్టినను, వినువానికి నోటీసువలె తగులును.

రెండవది: మొదటి ప్రశ్న మార్కులను గూర్చి కారాదు. నేనొక మిషను పాఠశాల వసతిగృహమున చదివితిని. మా తండ్రి అక్షరము రానివాడు. నెలకొకసారి బస్సు దిగి వచ్చి, ప్రహరీ ప్రక్క వేపచెట్టు క్రింద కూర్చుండి, వేరుసెనగ ఉండలు చేతిలో పెట్టి, "పప్పు నీళ్లగా పోయుచున్నారా, చిక్కగా పోయుచున్నారా?" అని యడిగెడివాడు. మార్కుల మాట నేనే యెత్తవలసి యుండెడిది. ఒక యేడు గణితమున తప్పినపుడు, దాచక మొదట చెప్పినది ఆయనకే. ఇంత యెఱిగియు, నా కుమారుడు పట్టణమునకు పోయినపుడు ఫోనులో నేను మొదట అడిగినది మార్కులే. రెండు నెలలకు వాడు నా ఫోను తీయుట మానెను. పప్పును గూర్చి అడుగ నారంభించిన తర్వాతనే మరల పలికెను.

మూడవది: నిద్రను దొంగిలింపకుడు. పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చదివినది మనస్సున నిలుచుట నిద్రలోనే చాలవఱకు జరుగును. తెల్లవారుజాము వరకు దీపము వెలిగించియుంచిన పిల్లవాని చూచి గర్వపడువారు, మఱునాడు వాడు చదివినదే మరల చదువుచున్నాడని గమనింపరు.

నాలుగవది: పత్రముల పని పెద్దలు తీసికొనవలెను. పదవ తరగతి మార్కుల పత్రము, ఆఱవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు చదివిన బడుల స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధారు కార్డు - ఇవి ఫలితములు వచ్చిన పిమ్మట వెదకికొన్నచో ఇల్లంతయు అల్లకల్లోలమగును. పేరులో ఒక అక్షరము ఒక పత్రమున ఒక విధముగను, మఱొకదానిలో మఱొక విధముగను ఉన్నచో దిద్దించుటకు వారములు పట్టును. వేసవికి ముందే సచివాలయమునకో, మీసేవ కేంద్రమునకో పోయి సిద్ధపఱచుడు. వ్యవసాయ విశ్వవిద్యాలయములందు రైతుబిడ్డలకు ప్రత్యేకించిన సీట్లు కలవు. వానికి పట్టాదారు పాసుపుస్తకమును, గ్రామములందు చదివినట్లు పత్రమును కావలెను. ఈ పనులు మనము చేసిన బిడ్డకు చదువు పని యొక్కటియే మిగులును.

ఐదవది: కళాశాలల యెంపిక బిడ్డ చేతనే జరుగవలెను. కౌన్సెలింగున ర్యాంకును బట్టియు, విద్యార్థి కోరిన వరుసను బట్టియు సీటు లభించును. కావున నిజముగా కోరినదానిని ముందుగను, తక్కినవానిని కోరికను బట్టి తరువాతను పెట్టవలెను. కొన్ని కళాశాలల తరపున తిరుగు దళారులు "మేము పెట్టెదము" అని వచ్చి, ఫోనునకు వచ్చు ఓ.టి.పి. సంఖ్య అడుగుదురు. మార్కెట్ యార్డున దళారికి కాటా అప్పగించిన ఫల మెట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ సంఖ్య ఎవరికిని ఈయకుడు.

ఆఱవది: ఫలితమునకు ముందే రెండవ దారిని మాటాడుకొనుడు. ఇంటర్మీడియట్ తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. పదవ తరగతి తర్వాత వ్యవసాయ డిప్లొమా చదివినవారికి అగ్రిసెట్ అను పరీక్ష ద్వారా వ్యవసాయ పట్టభద్ర విద్యకు దారి కలదు. మరుసటి యేడు మరల వ్రాయవచ్చును. ఈ మాట ఫలితము వచ్చిన నాడు చెప్పిన ఓదార్పువలె వినబడును. ముందుగ చెప్పినచో అది నమ్మకమగును. నారు పీకి నాటిన వారము దినములు మడి పసుపుబారి యుండును. పైరు చచ్చినదని ఎవరును దున్నివేయరు. వేరూనుటకు వ్యవధి ఇత్తురు.

కనిపెట్టవలసిన గుర్తులు

2022వ సంవత్సరమున మన దేశమున 13 వేలకు పైబడిన విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని ప్రభుత్వపు నేరనమోదు లెక్కలు చెప్పుచున్నవి. వీరందఱికి పరీక్షలే కారణమని అనరాదు. ఇట్టి దుఃఖమునకు కారణ మొక్కటిగ నుండదు. అయినను మనము మేల్కొనియుండవలెను. నిద్రాహారములు మానుట, తెగని తలనొప్పి, స్నేహితులను విడుచుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, "నేను మీకు భారము" అనుట - ఇవి రెండు వారములకు మించి నిలిచినను, చివరి మాట ఒక్కసారి వినబడినను, ఆలసింపక ప్రక్కన కూర్చుండి సూటిగా అడుగుడు: "చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా?" అట్లడిగిన లేని తలంపు పుట్టునను భయము వలదు. అడుగుటవలన కీడు లేదనియు, మనసు తేలికపడుననియు పరిశోధకులు తేల్చిరి. విన్నపుడు మందలింపకుడు, ఒంటరిగ విడువకుడు. 14416 అను సంఖ్యకు ఫోను చేసిన టెలీమానస్ అను ప్రభుత్వ సేవవారు రాత్రింబవళ్లు, తెలుగులో, ఉచితముగ మాటాడుదురు. ఇది 2022 అక్టోబరులో మొదలైనది. ఆపద దగ్గఱనున్నదని తోచిన 112కు ఫోను చేయుడు, లేదా ఆసుపత్రికి తీసికొనిపొండు.

నా వృత్తినిబట్టి గట్టిగ చెప్పవలసిన మాట యొకటి కలదు. పురుగుమందులను మంచముక్రిందను, వసారా దూలముపైనను ఉంచకుడు. ఆ పిచికారికి ఎంత కావలెనో అంతయే కొని, మిగిలినదానిని తాళము వేసిన పెట్టెలో నుంచి, తాళపుచెవి మీ మొలనుంచుకొనుడు. దుఃఖము పొంగిన ఘడియ తఱచుగా కొద్దిసేపే యుండును. ఆ కొద్దిసేపు మందు చేతికందకున్న చాలును, ఒక ప్రాణము నిలుచును.

బిడ్డను చేర్చిన కళాశాలను కూడ అడుగుడు. నూఱుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెననియు, మార్కులను బట్టి తరగతులు విడదీసి పిల్లలను నలుగురిలో అవమానింపరాదనియు సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించినది. రుసుము కట్టువారికి ఈ ప్రశ్న వేయు హక్కు కలదు.

సంఘము చేయదగినది

మన సంఘ కార్యాలయమున నెలకొక సాయంకాలము ఈ పనికి కేటాయింపవచ్చును. దరఖాస్తుల గడువులు నోటీసు పలకపై వ్రాయవచ్చును. కంప్యూటరు తెలిసిన గుమాస్తా పత్రములు సరిచూడవచ్చును. ఊరిలో చదువు ముగించినవారు, అందునను ఒకసారి తప్పి లేచినవారు, వచ్చి పిల్లలతో మాటాడవచ్చును. ఇంకొక మాట వినయముతో చెప్పుచున్నాను. ప్రతి యేటను ర్యాంకులు వచ్చినవారి బొమ్మలతో కార్యాలయము ముందు బ్యానరు కట్టుచున్నాము. ఆ ముగ్గురిని మెచ్చుకొనుట మంచిదే. కాని తక్కిన ముప్పదిమందియు దినము దానిక్రిందనే నడచిపోవుచున్నారు. ఈ యేడు పరీక్ష వ్రాసిన ప్రతి బిడ్డను పిలిచి, ఒకే వరుసలో కూర్చుండబెట్టి భోజనము పెట్టుదమా యని కార్యవర్గమును అడుగుచున్నాను.

ఫలితములు వచ్చు దినమున మీరు పొలమునకు పోకుడు. ఇంటనే యుండుడు. సంఖ్య యేదైనను, ముందు బిడ్డను పిలిచి అన్నము పెట్టుడు. తక్కిన మాటలు మఱునాడు మాటాడుకొనవచ్చును.