సంక్రాంతి సెలవుల్లో చిన్నపిల్లలతో ఏం రాయిద్దాం?

సంక్రాంతి సెలవులు దగ్గరికొచ్చేశాయి కదా. ఈ ఎపిసోడ్ ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల కోసం. మోమిన్‌పేట్ లాంటి మండలాల్లో ఉన్న టీచర్లు, అమ్మానాన్నలు ముఖ్యంగా వినండి.

సెలవులకి మనం మామూలుగా ఏమిస్తాం? "రోజూ రెండు పేజీలు చూచిరాత రాసుకురా" అంటాం. పిల్లలేమో చివరి రోజు రాత్రి కూర్చుని అన్నీ ఒకేసారి గీకేస్తారు. లేదంటే అక్కతో రాయిస్తారు. దానివల్ల చేతిరాత కొంచెం కుదురుతుందేమో గానీ రాయడం రాదు. చూసి రాయడం వేరు, తన మనసులో మాట తాను రాయడం వేరు. 2022లో మన రాష్ట్రంలో మొదలైన 'తొలిమెట్టు' కూడా ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావాలనే కదా!

అందుకే ఒక చిన్న నియమం పెట్టుకుందాం. రోజుకి ఒకే పని, పది నిమిషాలు. రాసింది ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా వినాలి.

ఒకటి, ఇవాళ్టి మాట. "ఇవాళ నీకు ఏ మాట కావాలి?" అని అడగండి. పతంగి, మేకపిల్ల, తాత... ఏదైనా సరే. దాన్ని ఒక అట్టముక్క మీద పెద్దగా రాసివ్వండి. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచర్ ఇలాగే నేర్పారు. 1963లో వచ్చిన 'టీచర్' అనే పుస్తకంలో ఆ అనుభవాలు రాశారు. తాను కోరి అడిగిన మాటని పిల్లలు తొందరగా మర్చిపోరు.

రెండు, సకినాలు ఎట్ల చేస్తరు? బియ్యం నానబెట్టడం, తడిపిండి పట్టడం, నువ్వులు, వాము, ఉప్పు కలపడం, గుడ్డ మీద చుట్టడం, నూనెలో కాల్చడం. ఇదంతా దగ్గరుండి చూడమనండి. తర్వాత 'ముందు', 'ఆ తర్వాత', 'చివరికి' అనే మాటలతో నాలుగు వాక్యాలు రాయించండి. ఒకటో తరగతి వాళ్లయితే బొమ్మ వేసి నోటితో చెప్తారు, మీరు కింద రాయండి.

మూడు, ముగ్గు గుట్టు. వాకిట్లో ముగ్గుని కాగితం మీద వేసి, ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు అని రాయాలి. అది చదివి పక్కింటి పిల్ల అదే ముగ్గు వేయగలిగితే, రాత పనిచేసినట్టే.

నాలుగు, పొద్దున మూడు ముక్కలు. ఏం కనబడింది, ఏం వినబడింది, ఏం వాసనొచ్చింది. మన దగ్గర చలి గట్టిగానే ఉంటుంది, చలిమంట గురించి రాసినా చాలు. కంది చేనుకి వెళ్తే దాని గురించి రాయమనండి. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ వచ్చిందని కూడా చెప్పండి. మన చేను కూడా రాయదగ్గ విషయమేనని వాళ్లకి తెలియాలి.

ఐదు, ఒక ఉత్తరం. స్నేహితుడికో, టీచర్‌కో మూడు వాక్యాలు. బడి తెరిచిన రోజు చేతికిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పిల్లలు 'కనబడ్డది', 'ఎట్ల' అని రాస్తారు. తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఉర్దూ, కన్నడ మాట్లాడే ఇళ్లూ మన వైపు ఉన్నాయి. ఇంటి మాట రాసిన ప్రతిసారీ ఎర్రపెన్నుతో కొట్టేస్తే ఏమవుతుంది? 'నా మాట తప్పు' అనుకుని ఆ బిడ్డ రాయడమే మానేస్తుంది. కాబట్టి సెలవుల్లో దిద్దొద్దు. కావాలంటే కింద మీరూ ఒక వాక్యం జవాబుగా రాయండి, ఆ మాటని అందులో సరిగ్గా రాయండి. చూసి వాళ్లే పట్టుకుంటారు.

"మాకు చదువు రాదండీ, మేమెట్ల సాయం చేయాలె?" అని కొందరు తల్లులు అడుగుతారు. అమ్మా, మీరు చేసే సాయమే పెద్దది. బిడ్డ రాసింది చదివి వినిపించమనండి. విని, "ఆ తర్వాత ఏమైంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. దానికి జవాబు రేపటి వాక్యం అవుతుంది.

టీచర్లకి ఒక మాట. బడి తెరిచాక వీటికి మార్కులు వేయకండి. తరగతిలో ఒక తాడు కట్టి, ఆ కాగితాలు వేలాడదీయండి. రోజుకి ఇద్దరితో చదివించండి. తన రాత కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారని తెలిస్తే, ఏ పిల్లాడైనా మళ్లీ రాస్తాడు.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.