నిలువు లేత్: కృష్ణా టర్బైన్లకు ఆకృతినిచ్చే యంత్రం

గద్వాల సమీపంలో కృష్ణానదిపై నిర్మించిన జూరాల ప్రాజెక్టులో ఒక్కొక్కటి 39 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు జలవిద్యుత్ యూనిట్లు ఉండగా, నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కోసం కొల్లాపూర్ ప్రాంతంలోని నార్లాపూర్ వద్ద 145 మెగావాట్ల పంపులను అమర్చారు. ఇంతటి యంత్రాల్లో నీటిచక్రాన్ని చుట్టి ఉండే ఉక్కు వలయాలు, పైమూతలు, బేరింగు పీఠాలు మీటర్ల వ్యాసం, టన్నుల బరువు కలిగి ఉండి కూడా, ఒకదానితో ఒకటి కూర్చునే చోట మిల్లీమీటరులో అతి స్వల్ప భాగమైనా తేడా రాకూడనివి. ఇటువంటి భాగాలను చెక్కడానికే నిలువు లేత్ పుట్టింది.

సాధారణ లేత్‌లో ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటుంది; చెక్కవలసిన వస్తువును, అంటే పనివారి మాటలో జాబ్‌ను, చక్ అనే పట్టుసాధనం పక్కనుంచి బిగించి తిప్పుతుంది. సన్నని కడ్డీకి ఈ అమరిక చక్కగా సరిపోతుంది గాని, వెడల్పుగా, పొట్టిగా, బరువుగా ఉన్న వలయాన్ని అలా నిలబెడితే దాని బరువంతా ఇరుసు కొనకు వేలాడి ఇరుసును కిందికి వంచుతుంది, బిగించే మనిషికి ప్రమాదం తెస్తుంది. నిలువు లేత్‌లో ఇరుసును నిలువుగా నిలిపి, దానిపై గుండ్రని బల్లను పరచి, క్రేన్‌తో దించిన జాబ్‌ను దానిపై కూర్చోబెడతారు. అంతవరకు శత్రువుగా ఉన్న బరువే జాబ్‌ను బల్లకు అదిమిపట్టే సహాయకారి అవుతుంది. ఈ యంత్రం గొప్పతనమంతా ఈ ఒక్క మార్పులోనే ఉంది.

బల్లకు ఒకవైపున గాని, రెండువైపులా గాని నిలిచే స్తంభాలపై అడ్డదూలం పైకీ కిందికీ కదులుతుంది. దానిమీద జరిగే తలభాగం కోతపనిముట్టును పట్టుకుని కేంద్రం వైపుకూ అంచు వైపుకూ, లోతుకూ నడుపుతుంది. చాలా పెద్ద యంత్రాల్లో బల్లకు, దాని పీఠానికి మధ్య ఒత్తిడితో నూనెను పంపి, లోహం లోహాన్ని తాకకుండా పలుచని నూనెపొరపైనే టన్నుల భారాన్ని తేలుస్తారు.

కోతవేగం వ్యాసాన్ని బట్టి మారుతుంది. నాలుగు మీటర్ల వలయపు అంచును నిమిషానికి ఎనిమిది చుట్లతో తిప్పితే పనిముట్టు కింద లోహం నిమిషానికి దాదాపు 100 మీటర్లు జరుగుతుంది. అదే వలయపు పైముఖాన్ని అంచు నుంచి లోపలికి చెక్కుతూ ఒక మీటరు వ్యాసం వద్దకు వచ్చేసరికి ఆ వేగం నిలవాలంటే చుట్లు 32కు పెరగాలి. నేటి కంప్యూటరు నియంత్రిత యంత్రాలు ఈ మార్పును వాటంతటవే చేసుకుంటాయి.

చరిత్రలో ఈ అమరికకు స్విట్జర్లాండుకు చెందిన యోహాన్ గియోర్గ్ బోడ్మర్ 1839లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్టులో ఎడ్వర్డ్ బుల్లార్డ్ 1883 నాటికి దీనిని మొరటుపని స్థాయి నుంచి సూక్ష్మమైన పనికి తగినట్లు తీర్చిదిద్దాడు. తర్వాత రైలుచక్రాలు, కవాటాల తొడుగులు, గాలిమరల వలయాలు, జెట్ ఇంజన్ల కవచాలు అన్నీ ఈ బల్లపైకే చేరాయి. లోపం లేకపోలేదు: గిన్నెలా లోతైన జాబ్‌లో చెక్కుడు లోహపు తుంపులు కిందికి రాలిపోక లోపలే పేరుకుని, నునుపును చెడగొడతాయి, కాబట్టి వాటిని ద్రవధారతో నిరంతరం కడగవలసి ఉంటుంది.

జూరాల వంటి చోట నీరు పడే ఎత్తు తక్కువ. కావలసిన శక్తిని రాబట్టడానికి ఎక్కువ నీటిని మళ్లించాలి గనుక చక్రం వెడల్పవుతుంది, చుట్టూ ఉండే వలయమూ పెరుగుతుంది. చక్రపు రెక్కల కొనలకూ వలయానికీ మధ్య సందు ఎంత సమంగా, ఎంత సన్నగా ఉంటే నీరు అంత తక్కువ వృథా అవుతుంది. ఆ సందును నిర్ణయించేది నిలువు లేత్‌పై జరిగిన పనే. వనపర్తి రాజప్రాసాదంలో నెలకొన్న ప్రభుత్వ పాలిటెక్నిక్ విద్యార్థులు, గద్వాల, నాగర్‌కర్నూల్ ఐటీఐల విద్యార్థులు పొడవాటి సాధారణ లేత్‌పైనే సాధన చేస్తారు; టర్బైన్లను మరమ్మతుకు విప్పినప్పుడు ఆ వలయాలను దగ్గరగా చూసి, కొలిచి తెలుసుకునే అవకాశాన్ని విద్యుత్ కేంద్రాలు వారికి కల్పించాలి.