ఎంత చూస్తే చాలు?

ఒక విషయం నిజమని ప్రకటించే ముందు శాస్త్రజ్ఞుడు ఎంత చూడాలి? ఈ ప్రశ్నకు అన్ని శాస్త్రాలూ ఒకే జవాబు చెబుతాయని మనలో చాలామంది అనుకుంటాం. పరిశీలన, ప్రయోగం, ఫలితం అంటూ బడిలో చెప్పిన వరస అలాగే గుర్తుండిపోయింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గత కొన్ని దశాబ్దాలలో జరిగిన పనిని వరసగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అక్కడ గణితజ్ఞుల స్థానం ఫైన్ హాల్. భూవిజ్ఞానులూ, జీవావరణ శాస్త్రజ్ఞులూ చాలాకాలం గీయో హాల్ అనే ఒకే పాత భవనంలో ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకే ఆవరణలో తిరుగుతారు గాని, ‘చాలు, ఇక నమ్మవచ్చు’ అని ఒకరు ఆగే చోట ఇంకొకరు ఆగరు.

ముందు గణితం సంగతి. ఏ ధన పూర్ణాంకాన్నయినా నాలుగు వర్గాల మొత్తంగా రాయవచ్చునని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. 7 కావాలంటే 4, 1, 1, 1 కలపాలి. 15 కావాలంటే 9, 4, 1, 1. మరి ఆ వర్గాలను వట్టిగా కాకుండా ఒక్కొక్కదాన్ని ఒక్కో గుణకంతో గుణించి కలిపితే? ఏ గుణకాలు తీసుకుంటే సంఖ్యలన్నీ వస్తాయి, ఏవి తీసుకుంటే రావు? శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్న కాలంలో ఈ ప్రశ్న పట్టుకుని, సంఖ్యలన్నిటినీ ఇవ్వగల 55 గుణకాల సమూహాలతో ఒక జాబితా తయారుచేశాడు. అందులో 54 సరైనవి, ఒకటి కాదు. కానిది 1, 2, 5, 5.

దాన్ని పాఠకులే కాగితం మీద సరిచూసుకోవచ్చు. ఆ గుణకాలతో 1 నుంచి 14 దాకా ప్రతి సంఖ్యా వస్తుంది. 15 దగ్గర ఆగిపోతుంది. 5 గుణకంగా ఉన్న రెండు పదాలూ కలిసి 0, 5, 10 ఇవ్వగలవు. 15 మాత్రం ఇవ్వలేవు, ఎందుకంటే 3ను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. అప్పుడు మిగిలిన రెండు పదాలు 15నో, 10నో, 5నో పూరించాలి. ఒక వర్గానికి మరో వర్గం రెట్టింపు కలిపితే ఈ మూడింటిలో ఏదీ రాదు. వింత ఏమిటంటే ఈ సమాసానికి దొరకని సంఖ్య 15 ఒక్కటే. 16 నుంచి అనంతం దాకా మళ్ళీ అన్నీ వస్తాయి. రామానుజన్ అంతటివాడి కంటికి అది జారిపోయిందంటే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

1993లో ప్రిన్స్‌టన్‌లో జాన్ కాన్వే, ఆయన విద్యార్థి విలియం ష్నీబర్గర్ కలిసి ఈ రకం సమాసాలకు ఒక కొలమానం కనుక్కున్నారు. సమాసం 1 నుంచి 15 దాకా ఉన్న సంఖ్యలన్నిటినీ ఇస్తే, ఇక ప్రతి ధన పూర్ణాంకాన్నీ ఇచ్చి తీరుతుంది. వారి నిరూపణ చిక్కుగా ఉండేది. అక్కడే పరిశోధక విద్యార్థిగా ఉన్న మంజుల్ భార్గవ దాన్ని ఎంతో సరళం చేశాడు. చరరాశుల పరస్పర లబ్ధాల గుణకాలు బేసి సంఖ్యలు కావడానికి కూడా వీలున్న విస్తృత సమాసాలకు ఆ హద్దు 15 కాదు, 290 అయి ఉంటుందని కాన్వే ఊహించాడు. భార్గవ, జోనథన్ హాంకే కలిసి అది నిజమని 2005లో ప్రకటించారు. 290 దాకా అన్నీ చూడనక్కరలేదు, అందులో ఎంపికైన 29 సంఖ్యలు చూస్తే సరిపోతుంది. ఆ 29లో ఒక్కదాన్ని కూడా తీసేయడానికి వీల్లేదు. నాలుగు చరరాశులతో సంఖ్యలన్నిటినీ ఇవ్వగల సమాసాలు సరిగ్గా 6,436 ఉన్నాయని కూడా లెక్క తేలింది.

29 చూసి అనంతం గురించి మాట్లాడటం సాహసంలా కనిపిస్తుంది. దాని వెనక ఉన్న ఎత్తు ఇది: సమాసానికి దొరకని సంఖ్యల్లో అతి చిన్నదాన్ని పట్టుకోవాలి. అది దొరికేలా ఒక కొత్త పదం చేర్చాలి. అలా చేర్చడానికి ప్రతిసారీ పరిమితమైన దారులే ఉంటాయి. నాలుగు చరరాశులు వచ్చేసరికి దాదాపు అన్ని సమాసాలూ సంఖ్యలన్నిటినీ ఇచ్చేస్తాయి, మిగిలిన కొద్ది గండ్లను విడిగా పూడ్చాలి. ఆ పూడ్చే పనిలో లోతైన సంఖ్యాసిద్ధాంతమూ, బోలెడంత కంప్యూటర్ గణనా రెండూ కలిశాయి. 2014లో సోల్ నగరంలో ఫీల్డ్స్ పతకం అందుకున్న భార్గవ ఆ తరువాత చాలా దూరం వెళ్ళాడు గాని, గణితజ్ఞుడికి ‘చాలు’ అంటే ఏమిటో చూపడానికి ఇంతకన్న స్వచ్ఛమైన ఉదాహరణ నాకు తెలియదు. ఒకసారి నిరూపణ పూర్తయ్యాక మళ్ళీ వెళ్ళి చూడనక్కరలేదు. వానలు పడ్డా, కరవు వచ్చినా 290 మారదు.

వానలూ కరవుల మాట ఎందుకంటే, పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతుల పనిలో అవే అసలు పాత్రధారులు. వీరు గలాపగోస్ ద్వీపాలలోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో 1973లో పని మొదలుపెట్టి, 1985లో ప్రిన్స్‌టన్‌లో చేరి, దశాబ్దాల పాటు ఏటా అక్కడికి వెళ్ళారు. అర చదరపు కిలోమీటరు కూడా లేని అగ్నిపర్వత శిఖరం అది. మంచినీరు లేదు, పడవ ఆపుకునే రేవు లేదు. దీవి మీద ఉన్న ఫించ్ పిట్టలను వలలో పట్టి, ముక్కు పొడవూ లోతూ వెడల్పూ కొలిచి, కాలికి రంగు కడియాలు వేసి వదలడం, ఏ పిట్టకు ఏ పిట్ట పుట్టిందో రాసుకోవడం వీరి నిత్యకృత్యం.

1977లో ఆ దీవి మీద వానలు లేవు. మెత్తని చిన్న గింజలు కొద్ది నెలల్లో అయిపోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనది ట్రిబ్యులస్ అనే మొక్క కాయ. మన పొలంగట్ల మీద కాళ్ళకు గుచ్చుకునే పల్లేరు కూడా ఆ ప్రజాతిదే. డాఫ్నీ మీదిది దానికి దగ్గరి చుట్టం. పల్లేరుకాయను చేతిలోకి తీసుకున్నవారికి తెలుసు, ముళ్ళున్న ఆ గట్టి పెంకు లోపల గింజ ఎంత భద్రంగా ఉంటుందో. లోతైన, బలమైన ముక్కున్న పిట్ట దాన్ని చీల్చగలదు, సన్నముక్కు పిట్ట ఒకటి రెండుసార్లు ప్రయత్నించి వదిలేస్తుంది. ఆ కరవులో మధ్యరకం నేల ఫించ్‌లలో దాదాపు 85 శాతం చచ్చిపోయాయి. బతికినవాటి సగటు ముక్కు లోతు, కరవుకు ముందున్న సగటు కంటే సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. ముక్కు లోతు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తుందని అంతకు ముందే కొలిచి ఉంచుకున్నారు గనుక, తరువాతి తరం ముక్కులు కూడా పెద్దవిగా ఉన్నాయని తేలినప్పుడు అది పరిణామమేనని చెప్పగలిగారు. డార్విన్ ఎంతో నెమ్మదిగా జరుగుతుందనుకున్న ప్రక్రియను రెండేళ్ళలో స్కేలు పెట్టి కొలిచారు.

ఇక్కడ ఆగి ఉంటే? పెద్ద ముక్కులు గెలుస్తాయని ఒక సూత్రం రాసి ఇంటికి వచ్చేవారు. 1982 చివర మొదలైన ఎల్ నినోతో దీవి మీద కుండపోత వానలు కురిశాయి. తీగలు అల్లుకుని ట్రిబ్యులస్‌ను కప్పేశాయి, నేలంతా చిన్న గింజలే. తరువాత వచ్చిన గడ్డు రోజుల్లో చిన్న ముక్కు పిట్టలు నెగ్గాయి. సరిగ్గా అదే కాలంలో పెద్ద నేల ఫించ్‌లు కొన్ని ఆ దీవిలో స్థిరపడ్డాయి. రెండు దశాబ్దాల తరువాత 2003లో మొదలైన కరవులో ఈ బలశాలులే పెద్ద గింజలన్నీ తినేశాయి. ఈసారి కరవు 1977లో వచ్చినట్టే వచ్చింది, ఫలితం తిరగబడింది: మధ్యరకం ఫించ్‌లలో చిన్న ముక్కువే మిగిలాయి. పరిశీలన ఏ సంవత్సరం ఆపితే ఆ సంవత్సరపు సూత్రమే చేతికి వచ్చేది. మూడేళ్ళ గడువు పెట్టి పరిశోధనకు డబ్బులిచ్చే పద్ధతి మీద ఇంతకన్న గట్టి విమర్శ నేను చదవలేదు.

ఇందులోనే ఇంకో సంగతి. 1981లో దీవి మీదికి ఒక అపరిచితుడు వచ్చాడు. పరిశోధకుల చిట్టాలో ఆ మగపిట్ట సంఖ్య 5110. ఒళ్ళు పెద్దది, ముక్కు పెద్దది, పాట వేరు. స్థానిక ఫించ్‌తో జత కట్టింది. కొడుకులు తండ్రి పాటే నేర్చుకున్నారు, ఆ పాట స్థానిక ఆడపిట్టలను ఆకర్షించలేదు. మూడో తరం నుంచి ఈ వంశం తనలో తానే జతకట్టడం మొదలుపెట్టింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జన్యువులు చదివి, ఆ పిట్ట వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి వచ్చిన పెద్ద జెముడు ఫించ్ అని తేల్చారు. 2017లో ఈ ఫలితం వెలువడినప్పుడు కళ్ళ ముందే కొత్త జాతి పుట్టిందని వార్తలు వచ్చాయి. 2003లో మొదలైన కరవు తరువాత ఈ వంశంలో ఒక అన్న, ఒక చెల్లెలు మాత్రమే మిగిలిన దశ ఉందని గుర్తుచేసుకుంటే ఆ ఉత్సాహం కొంత తగ్గించుకోవాలి. ఇలాంటి వంశాలు ఎన్ని పుట్టి, ఎవరూ కడియం వేయకముందే ఆరిపోయి ఉంటాయో!

గణితంలో కొద్దిపాటి పరీక్షతో అనంతం చేతికి వచ్చింది, జీవశాస్త్రంలో దశాబ్దాల పరీక్షతో ఒక దీవి చేతికి వచ్చింది. భూవిజ్ఞానానిది వేరే ఇబ్బంది. అక్కడ చూడవలసింది ఒకసారే జరిగిపోయింది, అప్పుడు చూసినవాడు లేడు.

6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట డైనోసార్లు అంతరించాయి. మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర పెద్ద గ్రహశకలం పడిందనీ, అదే అందుకు కారణమనీ ఎక్కువమంది శాస్త్రజ్ఞుల నమ్మకం. 2010లో 41 మంది కలిసి సాక్ష్యాలు సమీక్షించి అదే మాట చెప్పారు. ప్రిన్స్‌టన్‌లో గెర్టా కెల్లర్ ఆ మాటను ఒప్పుకోలేదు. అదే కాలంలో మన దేశంలో దక్కన్ ట్రాప్స్ లావా పొంగింది గదా, దాని పాత్ర సంగతేమిటి అని ఆమె పట్టుబట్టారు. ఆ పట్టుదలే ఆమెను రాజమండ్రి క్వారీలకు తీసుకొచ్చింది.

గోదావరి ఎడమగట్టున కాతేరు, కుడిగట్టున కొవ్వూరు వైపు పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల్లో రోడ్లకూ ఇళ్ళకూ కంకర ఇచ్చే నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి స్థానికంగా పొంగినది కాదు. పశ్చిమ కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అని దాని రసాయన కూర్పు చెబుతోంది. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలలో ఇవి చేరతాయి. క్వారీ గోడను కింది నుంచి పైకి చూస్తే ముందు ఒక నల్లరాతి దొంతర, దాని మీద సున్నపురాయి, బంకమన్ను వంటి లేత రంగు పొర, ఆ పైన మళ్ళీ నల్లరాయి. కింది లావా చల్లారాక సముద్రపు నీరు వచ్చింది, దాని అడుగున ఆ పొర పేరుకుంది, తరువాత రెండో విడత లావా వచ్చి కప్పేసింది.

ఆ నడిమి పొరలో కంటికి ఆనని సముద్రజీవుల పెంకులు ఉంటాయి. వాటిని ఫోరామినిఫెరా అంటారు. మహావినాశనంతో పెద్దవి, అలంకారాలున్నవి పోయి, ఆ వెంటనే బుల్లి బుల్లి కొత్త జాతులు పుట్టాయని ప్రపంచమంతటా తెలిసిన విషయం. కెల్లర్ బృందానికి దుద్దుకూరు వంటి చోట్ల దొరికినవి ఆ కొత్త జాతులే. అంటే కింది లావా వినాశనానికి ముందో, సరిగ్గా ఆ సమయంలోనో వచ్చింది. 2008లో ఈ ఫలితం వెలువడింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల రాతి నమూనాలనూ పరిశీలించి 2011లో మరో పత్రం ప్రచురించారు. కంకర కోసం తవ్వబట్టే ఈ పొరలు బయటపడ్డాయి. తవ్వకం సాగితే అవే కంకరతో పాటు లారీల్లో వెళ్ళిపోతాయి. వీటిలో ఒకటి రెండు గోడలనయినా ప్రభుత్వం రక్షించి ఉంచితే బాగుంటుంది.

పెంకులు ముందు వెనకలు చెబుతాయి, ఎన్ని వేల ఏళ్ళు ముందో చెప్పవు. ఆ పని ప్రిన్స్‌టన్‌లోనే బ్లెయిర్ షోన్ చేపట్టాడు. ఆయన వాడిన గడియారం జిర్కాన్ స్ఫటికం. పుట్టేటప్పుడు అది యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి నేడు దానిలో ఉన్న సీసం యురేనియం క్షీణించి ఏర్పడిందే. యురేనియం 238 అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం 235ది సుమారు 70 కోట్లు. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు నడుస్తుంటాయి గనుక ఒకదానితో రెండోదాన్ని సరిచూడవచ్చు. చిక్కల్లా దక్కన్ నల్లరాతిలో జిర్కాన్ సాధారణంగా ఉండకపోవడమే. లావా విడతల మధ్య విరామంలో ఏర్పడిన ఎర్రమట్టి పొరలలో, వేరే విస్ఫోటనాల బూడిదతో వచ్చి పడిన జిర్కాన్లను వెతికి పట్టారు. 2015లో ఇచ్చిన లెక్క ప్రకారం లావా ప్రధాన దశ వినాశనానికి సుమారు రెండున్నర లక్షల ఏళ్ళ ముందు మొదలై, ఏడున్నర లక్షల ఏళ్ళలో 11 లక్షల ఘన కిలోమీటర్లకు పైగా పారింది.

2019 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో రెండు పత్రాలు వేసింది. షోన్ బృందం, లావా నాలుగు విడతలుగా వచ్చిందనీ, ఒక పెద్ద విడత వినాశనానికి కొన్ని పదుల వేల ఏళ్ళ ముందే మొదలైందనీ రాసింది. కోర్ట్నీ స్ప్రెయిన్, పాల్ రెనీల బర్‌క్లీ బృందం ఆర్గాన్ పద్ధతిలో లావా రాతికే వయసు కట్టి, నాలుగింట మూడు వంతుల లావా వినాశనం తరువాతే వచ్చిందని రాసింది. గ్రహశకలం దెబ్బకే పొంగు ఎక్కువై ఉండవచ్చని వారి ఆలోచన.

రెండు గొప్ప ప్రయోగశాలలు ఒకే రాతి నుంచి ఇలాంటి వేర్వేరు కథలు చెప్పడం చూసి శాస్త్రం మీద నమ్మకం పోగొట్టుకోనక్కరలేదు. తగవు ప్రధానంగా గడియారాల మీద కాదు, గీత మీద. పశ్చిమ కనుమల్లో వేల అడుగుల మందాన లావా ఉంది, తేదీలు కట్టడానికి ఎర్రమట్టి పొరలున్నాయి. కాని అది నేల మీద పారిన లావా, అందులో సముద్రజీవుల పెంకులు లేవు. వినాశనపు గీతను ఆ దొంతరలో ఏ ప్రవాహం దగ్గర గీయాలో రాతి మీద రాసి లేదు. గీతను కొంచెం కిందికి జరిపితే లావాలో పెద్ద భాగం ‘తరువాత’కు పోతుంది, పైకి జరిపితే ‘ముందు’కు వస్తుంది. పైగా వాతావరణాన్ని మార్చేవి లావాతో వచ్చే వాయువులు. అవి రాయి కంటే ముందే బయటికి వచ్చి ఉండటానికి అవకాశం ఉంది, అలా వస్తే రాతి తేదీ ఎంత కచ్చితంగా కట్టినా వాయువు తేదీ కాదు.

పెంకులూ లావా పొరలూ ఒకదాని మీద ఒకటి ఉన్న చోట్లు చాలా తక్కువ. రాజమండ్రి పరిసరాలు వాటిలో ఒకటి. అక్కడి కింది దొంతర రసాయన కూర్పులో కనుమల్లోని అంబెనలి శిలలతోనూ, పైది మహాబలేశ్వర్ శిలలతోనూ పోలుతుంది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందన్నదాని మీద, గోదావరి గట్టున పెంకులు చూపిన గీతను వెయ్యి కిలోమీటర్ల అవతలి కనుమల మీద ఎక్కడ గీయాలన్నది ఆధారపడి ఉంది.