డిజైన్ ఇంజనీరు మొదటి ఏడాది ఏం చేస్తాడు?



నేను మన హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసయ్యాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక డిజైన్ కన్సల్టెన్సీలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మొన్న సెలవుకి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, ఇంజనీరువి కదా, ఇప్పటిదాకా ఏం కట్టావు?" అని అడిగాడు. "ఏమీ కట్టలేదురా, గీస్తున్నాను" అన్నాను. పక్కనున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. గోడ పత్రిక చూసే మాస్టారు మాత్రం నవ్వలేదు. "ఆ గీసేదేమిటో వివరంగా రాసివ్వు, చార్టు మీద ఎక్కిద్దాం" అన్నారు. అందుకే ఈ వ్యాసం.

కన్సల్టెన్సీ అంటే ఏమిటి?

మనం రోజూ చూసే డ్యామ్‌నే తీసుకుందాం. సీలేరు నీళ్ళు ఇక్కడ ఆగుతాయి. ఇక్కడి పవర్ హౌస్‌లో 25 మెగావాట్ల యూనిట్ 1983లో మొదలైంది. ఆ నీళ్ళే పవర్ కెనాల్‌లో కొండల వెంట నడిచి, ఫోర్‌బేకి చేరి, పెన్‌స్టాక్ గొట్టాల్లోంచి పొల్లూరు పవర్ హౌస్‌కి దిగుతాయి. అక్కడ 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు 1976 నుంచి 1978 మధ్య ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. నాలుగూ కలిపి 460 మెగావాట్లు.

ఇప్పుడు ఆలోచించండి. డ్యామ్ గోడ అడుగున ఎంత మందం ఉండాలి? గేట్లు ఎన్ని? కాలువకి ఎంత వాలు పెడితే నీళ్ళు గట్టు తెంపకుండా, అలాగని ఆగిపోకుండా నడుస్తాయి? ఇవన్నీ మొదటి సిమెంటు బస్తా కొండ ఎక్కకముందే ఎవరో కూర్చుని లెక్క కట్టి కాగితం మీద పెట్టాలి. ఆ పనినే డిజైన్ అంటారు.

ఏ కట్టడానికైనా సాధారణంగా ముగ్గురుంటారు. డబ్బు పెట్టి కట్టించేవారు ఒకరు. మన రోడ్డయితే అది పంచాయతీరాజ్ శాఖో, ఆర్ అండ్ బీ శాఖో అవుతుంది. కట్టేవాడు కాంట్రాక్టరు. ఎలా కట్టాలో లెక్క వేసి, డ్రాయింగు గీసి, సలహా చెప్పేవారు కన్సల్టెంటు. ప్రభుత్వ శాఖల్లోనే డిజైన్ విభాగాలు ఉంటాయి. పని ఎక్కువైనప్పుడో, ప్రత్యేకమైన విద్య కావలసినప్పుడో బయటి సంస్థకి ఇస్తారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. అప్పుడు నిజాం ప్రభుత్వం బొంబాయి ప్రభుత్వంలో పనిచేసి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని సలహా ఇంజనీరుగా పిలిపించింది. నది ఊళ్ళోకి రాకముందే పైన జలాశయాలు కట్టి వరదని ఆపాలన్నది ఆయన సలహా. ఆ దారిలోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి వివరమైన ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసింది కూడా ఒక కన్సల్టెన్సీయే, ఎం.ఎన్. దస్తూర్ కంపెనీ. నీటి ప్రాజెక్టుల కోసం కేంద్ర ప్రభుత్వమే 1969లో వాప్కోస్ అనే కన్సల్టెన్సీ పెట్టింది.

దూలం ప్రశ్న

నన్ను ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న ఇది. "రెండు గోడల మీద ఒక దూలం ఉంది. దాని మీద బరువు పెడితే ముందు ఎక్కడ పగులుతుంది?" ఇంగ్లీషులో అడిగారు. నాకు చెమటలు పట్టాయి. అయితే మా ఇంటి వెన్నుదూలం గుర్తొచ్చింది. వానాకాలంలో కప్పు తడిసి బరువెక్కితే అది మధ్యలో కిందికి వంగేది. చీలిక ఎప్పుడూ అడుగువైపే వచ్చేది. వచ్చీరాని ఇంగ్లీషులో అదే చెప్పాను, బొమ్మ గీసి చూపించాను. ఆ సార్ తలూపారు.

ఇందులో ఉన్న సూత్రం మీకూ అర్థమవుతుంది. దూలం వంగినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకి బాగా ఆగుతుంది, సాగదీస్తే పగిలిపోతుంది. ఇనుము సాగదీతకి ఆగుతుంది. కాబట్టి బీమ్‌లో ముఖ్యమైన ఇనుప చువ్వలు అడుగున వేస్తారు. మరి కిటికీ మీద బయటికి పొడుచుకొచ్చిన సన్‌షేడ్ సంగతి? దానికి ఒకవైపే గోడ. అందుచేత అది పైవైపు సాగుతుంది. చువ్వలు పైన ఉండాలి. అలవాటుకొద్దీ కింద వేస్తే చెక్క తీసిన రోజే ఊడిపడుతుంది. చువ్వలు అవే, సిమెంటు అదే. గీత పైనా కిందా అన్నదే తేడా.

మొదటి ఆరు నెలలు

కొత్తగా చేరినవాడిని గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. పాత డ్రాయింగులు చదవడం, వాటిలోని కాంక్రీటు ఎంత, ఇనుము ఎన్ని కిలోలు అని లెక్క కట్టడం, ఆటోకాడ్‌లో సవరణలు చేయడం. కాలేజీలో మార్కులు బాగానే తెచ్చుకున్నవాడిని, ఇదేమిటి గుమాస్తా పని అనుకున్నాను. ఆరు నెలలు గడిచాక గాని తెలియలేదు, డ్రాయింగు చదవడం రానివాడికి గీయడం రాదని.

ప్రతి డ్రాయింగుకీ కుడివైపు కింద ఒక పెట్టె ఉంటుంది. అందులో నాలుగు గళ్ళు: డిజైన్ చేసినవారు, గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. నలుగురూ సంతకం చేయాలి. పక్కనే ఎన్నోసారి సవరించారో నంబరు ఉంటుంది. మొదటిసారి 0, తర్వాత 1, 2, 3. అన్నీ సరిపోయాకే 'నిర్మాణానికి పనికివస్తుంది' అని ముద్ర వేసి సైటుకి పంపుతారు. ముద్ర పడిందంటే మేస్త్రీ దాన్ని నమ్మి చువ్వ వంచుతాడు. తప్పుంటే తప్పుతోనే కడతాడు.

నా మొదటి డ్రాయింగు వెనక్కి వచ్చినప్పుడు తెల్లకాగితం మీద కుంకం చల్లినట్టుంది, అన్ని ఎర్ర గీతలు. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. నిజం చెబుతున్నాను, నవ్వకండి. మా సీనియర్ సార్ పిలిచి "ఆ ఎర్రసిరా నీ మీద కాదు, కాగితం మీద. సైటులో కూలే కన్నా ఇక్కడ కొట్టివేయడం మేలు" అన్నారు.

వాగు నేర్పిన పాఠం

ఇక అసలు సంగతి. కొండ ప్రాంతంలో ఒక రోడ్డు మీద వాగు దాటడానికి కల్వర్టు డిజైన్ చేయమని నాకిచ్చారు. ముందు ఆ వాగులో ఎంత వరద వస్తుందో తెలియాలి. దానికి రైవ్స్ సూత్రం అని ఒకటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంనాటిది. వాగులోకి నీళ్ళు దిగే నేల విస్తీర్ణం చదరపు కిలోమీటర్లలో తీసుకుని, దాని ఘనమూలాన్ని వర్గం చేసి, ఒక గుణకంతో హెచ్చించాలి. సెకనుకి ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళో వస్తుంది. గుణకం అన్నిచోట్లా ఒకటి కాదు. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు 6.8, 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్య 8.5, కొండల దగ్గరి ప్రాంతాలకు 10.2.

మ్యాపులో కొలిస్తే విస్తీర్ణం 8 చదరపు కిలోమీటర్లు వచ్చింది. 8కి ఘనమూలం 2, దాని వర్గం 4. తీరప్రాంతపు రోడ్డుకి ఇంతకుముందు చేసిన ఎక్సెల్ షీటు దొరికితే కాపీ చేసి, విస్తీర్ణం ఒక్కటే మార్చాను. 6.8ని 4తో హెచ్చిస్తే 27.2. దానికి 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల బాక్స్ కల్వర్టు ఒక్కటి సరిపోతుంది. నీళ్ళు సెకనుకి 2.5 మీటర్ల వేగంతో పోతాయనుకుంటే 30 ఘనపు మీటర్లు పడతాయి. హాయిగా ఉంది అనుకుని ఇచ్చేశాను.

సార్ ఒక్కటే అడిగారు. "వరద గుర్తు ఎక్కడుంది?" నేను నోరు మెదపలేదు. రోడ్ల కల్వర్టులకి ఐ.ఆర్.సి. వారి ఎస్.పి. 13 అనే పుస్తకం ఉంది. ఎక్కువలో ఎక్కువ వరద ఎంత ఎత్తున వచ్చిందో ఆ చోటికి వెళ్ళి చూడాలనీ, అక్కడివాళ్ళని విచారించాలనీ అందులో ఉంది. నేను చదివాను, వదిలేశాను. మర్నాడు బస్సెక్కాను.

వాగు ఒడ్డున ఒక తాత పశువులు కాస్తున్నాడు. అడిగితే మాటల్లో చెప్పలేదు. చేతికర్రతో చింతమాను మీద తట్టి చూపించాడు. "ఇక్కడిదాకా వచ్చింది బాబూ. నీళ్ళొక్కటే రావు, మానులు కొట్టుకొస్తాయి." ఆ గుర్తుకి లెవెల్ పెట్టి కొలిచాం. వాగు సగటు వెడల్పు 10 మీటర్లు, లోతు 1.6 మీటర్లు, అంటే 16 చదరపు మీటర్లు. అడుగు వాలునీ రాళ్ళనీ బట్టి వేగం లెక్క వేస్తే సెకనుకి సుమారు 2.5 మీటర్లు. 16ని 2.5తో హెచ్చిస్తే 40. ఆఫీసుకి వచ్చి రైవ్స్ సూత్రంలో కొండల గుణకం 10.2 పెట్టి మళ్ళీ వేశాను. 40.8 వచ్చింది. తాత కర్రా, పుస్తకంలోని సూత్రమూ ఒకే మాట చెప్పాయి. తప్పు చెప్పింది నేనొక్కడినే.

డిజైన్ మారింది. 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుతో రెండు గదులు పెట్టాం. చిన్న గొట్టాలు వేస్తే మానులు అడ్డం పడి మూసుకుపోతాయని తాత మాట గుర్తుంచుకున్నాం. రెండు గదులూ మధ్య గోడా కలిపి 6 మీటర్లు దాటింది కాబట్టి అది కల్వర్టు కాదు, చిన్న వంతెన అయింది. ఖర్చు పెరిగింది. ఎందుకు పెరిగిందని మీటింగులో అడిగారు. చింతమాను ఫొటో, కొలతలు ముందు పెట్టాం. ఒప్పుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చిన్నప్పుడు మా నాయనమ్మకి జ్వరం ముదిరితే డోలీ కట్టి మోసుకెళ్ళారు. దారిలో వాగు మీది చిన్న కల్వర్టు వరదకి కొట్టుకుపోయింది. ఇటు ఒడ్డున డోలీ దించి రాత్రంతా కూర్చున్నారు. తెల్లారి నీళ్ళు తగ్గేసరికి ఆమె లేదు. ఆ కల్వర్టు ఎవరు గీశారో నాకు తెలియదు. చెడ్డవాడై ఉండడు. నాలాగే ఎవరో పాత కాగితం చూసి, హాయిగా ఉందనుకుని ఇచ్చేసి ఉండొచ్చు. అడిగేవారు లేకపోయి ఉండొచ్చు. అందుకే చెబుతున్నాను, డిజైన్ ఉద్యోగంలో అందరికన్నా తెలివైనవాడు అక్కర్లేదు. "నాకు తెలియదు, వెళ్ళి చూసొస్తాను" అనగలిగినవాడు కావాలి.

ఈ ఉద్యోగానికి దారి

రెండు దారులు. ఒకటి, పదో తరగతి తర్వాత ఇంటర్ ఎం.పి.సి., ఈఏపీసెట్ రాసి నాలుగేళ్ళ బి.టెక్. రెండోది, పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి మూడేళ్ళ సివిల్ డిప్లొమా, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరం. నేను రెండో దారిలో వచ్చాను. డిప్లొమాలో సర్వే పనీ డ్రాయింగూ చేత్తో చేయిస్తారు, అది ఈ ఉద్యోగంలో బాగా అక్కరకొచ్చింది. పాడేరులో ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ కూడా ఉంది. ఎస్.టి. విద్యార్థులకు సీట్లలో రిజర్వేషనూ, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పూ ఉన్నాయి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే సరిచేసి పెట్టుకోండి. సీటు వచ్చాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది. ఈ విషయంలో వార్డెన్ సార్ కాస్త చూడాలని మనవి.

ఇంగ్లీషు రాదని భయపడకండి, అలాగని వదిలేయకండి. రోజుకి ఐదు మాటలు చాలు. కె.ఎల్. రావు గారికి చిన్నతనంలోనే ఒక కంటి చూపు పోయింది. కృష్ణా జిల్లా కంకిపాడులో 1902లో పుట్టిన మనిషి, డిజైన్ ఇంజనీరుగా పనిచేసి, ఢిల్లీలో డిజైన్ల డైరెక్టరై, చివరికి కేంద్ర నీటిపారుదల మంత్రి అయ్యారు. ఒక కన్నుతో అన్ని డ్రాయింగులు చూశారు. మనకి రెండున్నాయి.

చివరగా ఒక పని చెబుతాను. వాన ఉధృతంగా ఉన్నప్పుడు వాగు దగ్గరికి ఎవరూ వెళ్ళవద్దు. డ్యామ్ కింద ఏటిలోకి అసలే దిగవద్దు, ఎప్పుడు నీళ్ళు వదులుతారో తెలియదు. వాన తగ్గి నీళ్ళు దిగాక, మాస్టారితో కలిసి వెళ్ళి, మన స్కూలు దారిలోని కల్వర్టు గోడ మీద చెత్తా బురదా ఎంత ఎత్తున అంటుకుందో చూడండి. అక్కడ రంగుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఏటా అలాగే చేయండి. పదేళ్ళ తర్వాత ఎవరో కొత్త ఇంజనీరు బస్సు దిగి "వరద గుర్తు ఎక్కడుంది?" అని అడుగుతాడు. అప్పటికి తాత ఉన్నా లేకపోయినా మీ గీత ఉంటుంది.

ఇట్లు,
మీ అన్న,
హాస్టల్ పూర్వ విద్యార్థి