కొత్త చాకుని దారికి తెచ్చుకోవడం

సాఫ్ట్‌వేర్ గురించీ, సెల్‌ఫోన్ల గురించీ రాసుకునే ఈ శీర్షికలో చాకు గొడవేమిటని మీకు అనిపించవచ్చు. జేబులో పట్టే యంత్రాల్లో ఇంత పాతదీ, ఇంత తక్కువ భాగాలతో పనిచేసేదీ నాకు మరొకటి కనిపించలేదు. బ్యాటరీ లేదు, అప్‌డేట్లు లేవు. కాకపోతే కొన్న మొదటి రోజున చాలామందిని ఏడిపిస్తుంది. గోరు విరుగుతుంది గానీ బ్లేడు బయటికి రాదు. ఎలాగో తెరిస్తే, లోపల ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. వెనక్కి పంపేద్దామా అనిపిస్తుంది. పంపే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఇంగ్లండులో మడత చాకు అనగానే షెఫీల్డ్ పేరు చెప్పాల్సిందే. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ తన కథల్లో ఈ ఊరి కత్తిని ప్రస్తావించాడు. 1624లో పార్లమెంటు చట్టం ద్వారా ఇక్కడి కత్తుల పనివారికి ఒక సంఘం ఏర్పడింది. అది ఇప్పటికీ ఉంది. చిన్న గదిలో సొంతంగా పని చేసుకునేవాళ్ళని ఇక్కడ ‘లిటిల్ మెస్టర్లు’ అంటారు. వాళ్ళలో బాగా పేరున్న స్టాన్ షా పద్నాలుగో ఏట పనిలో చేరి, జీవితమంతా చాకులు చేస్తూ గడిపి, 2021లో కన్నుమూశాడు. అలాంటివాళ్ళు ఇప్పుడు బహు కొద్దిమంది. అయినా చేత్తో బిగించిన చాకులు షెఫీల్డ్‌లో ఇంకా దొరుకుతున్నాయి. ఏ బ్లేడుకి తగ్గ స్ప్రింగుని ఆ బ్లేడుకే సరిచేసి బిగిస్తారు గనక, ఒకే రకం చాకులు రెండు కొన్నా ఒకటి మెత్తగా, ఇంకొకటి మొండిగా ఉండవచ్చు.

స్లిప్‌జాయింట్ అంటే లాకు లేని మడత చాకు. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అదే స్ప్రింగు. బ్లేడు మొదలు, అంటే పిడిలో మేకు చుట్టూ తిరిగే భాగం, ఈ పట్టీని ఎప్పుడూ ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ మొదలుకి చదునైన ముఖాలున్నాయి. చదును ముఖం స్ప్రింగు మీద వాలినప్పుడు బ్లేడు నిలుస్తుంది. మూల తగిలినప్పుడు స్ప్రింగు పైకి లేచి, మూల దాటగానే మళ్ళీ టక్కున వాలుతుంది. కొన్నిటిలో సగం తెరిచిన చోట కూడా ఒక చదును ముఖం ఉంటుంది. కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళకి మూడు స్థితుల యంత్రం అంటే చాలు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. తెరిచిన బ్లేడు మన వేళ్ళ మీదికి మడిచిపడకుండా ఆపుతున్నది ఆ స్ప్రింగు బిగువు ఒక్కటే. మనల్ని విసిగించేదీ, మన వేళ్ళని కాపాడేదీ కూడా ఆ బిగువే.

అంచేత ముందు బిగువు జోలికి పోకుండా మురికి జోలికి పోదాం. కొత్త చాకు కీలులో మెరుగు పెట్టినప్పటి ముద్ద, లోహపు పొడి ఇరుక్కుని ఉంటాయి. గరగరకి ముఖ్య కారణం అదే. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోముకునే సబ్బు ఒక చుక్క వేసి, కీలు భాగాన్ని ముంచి ఇరవై ముప్ఫైసార్లు తెరిచి మూయండి. తడి చాకు జారుతుంది, కాబట్టి బ్లేడుని వీపు వైపు నుంచి గుడ్డతో పట్టుకోండి. నల్లటి నీళ్ళు రావడం చూస్తారు. పిడి కొమ్ముదో, ఎముకదో, చెక్కదో అయితే నానబెట్టవద్దు, మరుగు నీళ్ళు అసలే వద్దు. ఉబ్బుతుంది, పగులుతుంది. బాగా ఆరబెట్టి, కీలులో ఒక చుక్క నూనె వేసి మళ్ళీ ఆడించండి. నల్లగా బయటికొచ్చిన నూనెని తుడిచి ఇంకో చుక్క వేయండి. నూనె తేటగా వచ్చేదాకా ఇదే పని.

నూనె అనగానే మనవాళ్ళ చెయ్యి వంటింటి వైపు పోతుంది. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఇంగ్లండు చలికి అది కీలులో వెన్నలా కూర్చుంటుంది. నువ్వుల నూనె కొన్నాళ్ళకి జిగురెక్కుతుంది. కుట్టుమిషన్ నూనె బాగా పనిచేస్తుంది. ఆ చాకుతో పళ్ళు కోసుకునేవాళ్ళు మందుల షాపులో దొరికే ఖనిజ తైలం వాడటం మంచిది.

ఆ తర్వాత కావలసింది ఓపిక. టీవీ ముందు కూర్చుని రోజుకి ఓ యాభైసార్లు, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా చూసుకుంటూ తెరిచి మూయండి. రెండు లోహాలూ ఒకదాన్నొకటి నున్నగా చేసుకుంటాయి. రాత్రంతా సగం తెరిచి ఉంచితే స్ప్రింగు వదులవుతుందని కొందరు చెబుతారు. సరిగ్గా టెంపర్ చేసిన స్ప్రింగు అలా వదులవదు. అయిందంటే అది మంచి స్ప్రింగు కాదన్నమాట.

ఇక మార్పులు. వారం గడిచినా గోటికి లొంగకపోతే, పిడి అంచున బ్లేడు వీపు కనిపించేలా చిన్న అర్ధచంద్రాకారపు గాడి తీసుకోవచ్చు. అప్పుడు గోటితో పని లేకుండా రెండు వేళ్ళతో పట్టి లాగవచ్చు. నా లెక్కలో అన్నిటికంటే తెలివైన మార్పు ఇదే, బిగువు కొంచెం కూడా తగ్గదు. పిడి మీద చేతికి గుచ్చుకునే అంచుల్ని సన్నటి గరుకు కాగితంతో గుండ్రం చేయవచ్చు. ఆ పొడి, ముఖ్యంగా ఎముక పొడి, పీల్చడం మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి.

బ్లేడు మొదట్లో, పదును మొదలయ్యే చోటికి కాస్త ముందు, కిక్ అనే చిన్న బొడిపె ఉంటుంది. మూసినప్పుడు అది స్ప్రింగు మీద ఆని, పదును స్ప్రింగుకి తగలకుండా ఆపుతుంది. బ్లేడు మొన పిడి బయటికి పొడుచుకొచ్చి జేబుని చింపుతుంటే, కిక్‌ని ఆకురాయితో కొద్దిగా అరగదీసి మొనని లోపలికి దించవచ్చు. మా మిత్రుడొకాయన ఇదే పని కాస్త ఉత్సాహంగా చేశాడు. మొన చక్కగా దిగింది. కానీ ఎన్నిసార్లు సానపట్టినా మూసి తెరవగానే బ్లేడు మధ్యలో మొద్దుబారేది. పదును వెళ్ళి స్ప్రింగు మీద కొట్టుకుంటోంది! అరగదీసిన ఉక్కుని తిరిగి పెట్టలేం కదా. ఆకురాయి రెండు మూడుసార్లు లాగి, స్ప్రింగు లోపలి ముఖానికి మార్కర్ రంగు పూసి, మూసి తెరిచి చూడండి. రంగులో గీత పడితే అక్కడే ఆపండి.

స్ప్రింగుని పలచన చేయడం మాత్రం వద్దు. మోటారు గ్రైండరు పెడితే ఇంకా ప్రమాదం. ఉక్కు నీలం రంగుకి తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టు, బ్లేడయితే గట్టిదనం పోయినట్టే. పోనీ లాకు బిగిద్దామా అంటే, బ్రిటన్‌లో అది ఇంకో తంటా. 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదును 3 అంగుళాలు మించని మడత చాకుని కారణం చెప్పనక్కర్లేకుండా జేబులో ఉంచుకోవచ్చు. లాకు పడే చాకు ఈ మినహాయింపులోకి రాదని కోర్టులు తేల్చాయి. అంటే మీరు భద్రత కోసమని చేసిన మార్పే మీ చేత నేరం చేయించవచ్చు. ఎవరినైనా గాయపరిచే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుంటే చిన్న చాకయినా నేరమేనని వేరే చెప్పాలా!

చివరగా బ్లేడు సంగతి. హ్యారీ బ్రేర్లీ 1913లో తుప్పు పట్టని ఉక్కు తయారుచేసింది ఈ షెఫీల్డ్‌లోనే. అయినా సంప్రదాయ చాకుల్లో చాలామంది కార్బన్ ఉక్కునే కోరుకుంటారు. మామూలు సానరాయి మీద తేలిగ్గా పదునెక్కుతుంది. కోణం తెలియకపోతే కాగితం మూలని రెండుసార్లు సగానికి మడవండి. వచ్చేది 22 డిగ్రీల పైచిలుకు, దానికి కొంచెం తక్కువగా పట్టుకుంటే సరి. కొత్తలో తళతళలాడే ఈ ఉక్కు వాడకంలో బూడిద రంగుకీ, నలుపుకీ తిరుగుతుంది. కొందరు వినిగర్ పూసి ఆ రంగు ముందే తెప్పిస్తారు. ఆవకాయ రోజుల్లో నల్లబడ్డ ఇనప కత్తిపీటని చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆ నలుపు పొర ఎర్ర తుప్పుని కొంతవరకు ఆపుతుంది. నాకయితే వినిగర్ కంటే మామిడికాయతో వచ్చిన మచ్చలే ఇష్టం. కోయగానే కడిగి తుడిచేయండి. పులుపు రాత్రంతా ఉండిపోతే నలుపుతో ఆగదు, బ్లేడు మీద గుంటలు పడతాయి.